వంటావార్పు నాడు మార్చిన గేరు వైరు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఖాజాగూడలో మా ఇంటికి వస్తుంటారు. "యాదగిరన్నా, ముందుగాల ఏం నేర్చుకోవాలె?" అని అడుగుతారు. ముందు నవ్వు ఆపుకోవడం నేర్చుకోండి అంటాను. నేనేదో వేళాకోళం ఆడుతున్నానని నవ్వేస్తారు. అంటే మొదటి పరీక్ష అక్కడే తప్పారన్నమాట.

గచ్చిబౌలిలో గేర్ల సైకిళ్ల షాపులో చాలా ఏళ్లు మెకానిక్‌గా చేశాను. మోకాళ్లు మొరాయించాక మానేశాను. ఎప్పుడు చేరాను, ఎవరి కింద చేశాను అన్న చరిత్ర ఇక్కడ రాయను. నా ఉద్యోగంలో వచ్చిన ప్రమోషన్ ఒకే ఒక్కటి. నేల మీద గొంతుక్కూర్చుని చేసే పనిని, సైకిల్ స్టాండుకు ఎక్కించి నిలబడి చేయడం. మోకాళ్లు పోయింది ఆ ప్రమోషన్‌కు ముందే.

చైను ఎక్కువైన సైకిల్

మా నాయినకు ఖాజాగూడలో కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. అన్నీ నల్ల సైకిళ్లే. బ్రేకు ఉంటే గొప్ప, బెల్లు ఉంటే ఇంకా గొప్ప. తర్వాత చుట్టూ అద్దాల ఆఫీసులు లేచాయి. వాటిలో పనిచేసేవాళ్లకు పొట్టలు లేచాయి. ఆ పొట్టల కోసం గేర్ల సైకిళ్లు దిగాయి.

వెనక చక్రం పక్కన వేలాడుతూ, చైనును ఒక పళ్ల చక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి తోసే పరికరాన్ని పుస్తకాల్లో డీరైలర్ అంటారు. మేం మాత్రం వెనక గేరు అనేవాళ్లం. మా నాయిన దాన్ని మొదటిసారి చూసి, "చైన్ ఎక్కువై కిందికి జారింది, రెండు లింకులు తీసెయ్" అన్నాడు. ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు గేరు ఎలా పనికొస్తుందో నేను చాలాసేపు చెప్పాను. ఆయన అంతా విని, "మరి ఎక్కుడొస్తే దిగి నూకితే సరిపోదా?" అన్నాడు.

ఇక కస్టమర్ల సంగతి. ఇరవై ఒక్క గేర్ల సైకిల్ కొని, మారిస్తే అరుగుతుందని ఒక్క గేరులోనే తొక్కే పెద్దమనిషి ఉండేవాడు. ఇంకొకాయన ఏడో గేరు పడడం లేదని పోట్లాటకు వచ్చాడు. ఎక్కడ తొక్కుతారు సార్ అంటే, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనట. అక్కడ ఏడో గేరు పడితే ఆయన నేరుగా లిఫ్టులో దూరేవాడు. ఇలాంటప్పుడే నవ్వు ఆపుకోవడం తెలిసుండాలి. కస్టమర్ చెప్పేటప్పుడు తల ఊపండి. తర్వాత సైకిల్ చెప్పేది వినండి. రెండూ ఒకటే చెప్పడం నా అనుభవంలో బహు అరుదు.

వైరు సంగతి

వెనక గేరు వైరు మార్చడం చిన్న పనే. అందుకే ఎక్కువమంది చెడగొడతారు. హ్యాండిల్ మీది మీట నొక్కితే వైరు బిగుసుకుని, చైను పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కుతుంది. వదిలితే స్ప్రింగు దాన్ని చిన్న చక్రం మీదికి లాగుతుంది. అందుకని వైరు తెగినా, జారినా చైను వెళ్లి అన్నిటికంటే చిన్న చక్రం మీద కూర్చుంటుంది. దారి చదునుగా ఉంటే పరవాలేదు. ఎక్కుడు వస్తే పెడలు కదలదు, దేవుడు గుర్తొస్తాడు.

వైరుకు పైన తొడుగు ఉంటుంది. దాన్ని ఔటర్ అంటాం. బ్రేకు ఔటర్, గేరు ఔటర్ పైకి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. లోపల బ్రేకుదానిలో తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది, గేరుదానిలో సన్న తీగలు నిలువుగా ఉంటాయి. చుట్టలది నొక్కితే కొంచెం కుంగుతుంది. బ్రేకుకు అది చెల్లుతుంది. గేరుకు గోరంత తేడా వచ్చినా చైను ఇటా అటా అని మధ్యలో ఊగిసలాడుతుంది. గేరుదాన్ని తీసుకెళ్లి బ్రేకుకు వేస్తే ఇంకా ప్రమాదం, గట్టిగా పట్టినప్పుడు పగిలిపోతుంది. ఒకదాని బదులు ఒకటి ఎప్పుడూ వేయకండి.

పని మొదలుపెట్టే ముందు మీటను పూర్తిగా వదలాలి, చైను చిన్న చక్రం మీదికి దిగాలి. ఔటర్ కోసిన చోట మూసుకుపోయిన రంధ్రాన్ని దబ్బనంతో తెరవాలి. కొత్త వైరు దూర్చి, కింద గాడిలో కూర్చోబెట్టి, చేత్తో లాగినంత లాగి బోల్టు బిగించాలి. ప్లయర్‌తో పగబట్టినట్టు లాగకూడదు. వెనక గేరు మీద రెండు చిన్న మరలు కనిపిస్తాయి. వాటి పని చైనును అటూ ఇటూ పడిపోకుండా ఆపడమే. గేరు పడకపోతే జనం ముందు తిప్పేది వాటినే. ఇల్లు ఊడవమంటే పొయ్యి పీకినట్టు.

మా ఓనరు

షాపు ఓనరు రమణమూర్తి గారిది తెనాలి వైపు. నాది ఖాజాగూడ. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఆ రోజుల్లో చాయ్‌లో చక్కెర ఎక్కువైనా అది ప్రాంతీయ సమస్యే. ఆయన టీ అంటే నేను చాయ్ అనేవాణ్ని. తెచ్చేది మాత్రం ఒకే ఫ్లాస్కు.

బంద్ వస్తే మా దగ్గర ఒక ఆచారం ఉండేది. షట్టర్ మోకాలి ఎత్తు వరకు దించేవాళ్లం. బయటికి బంద్, లోపల పని. కస్టమర్ వంగి వచ్చి, వంగి పోయేవాడు. బంద్ చేయించడానికి వచ్చిన పిల్లలు బయట నాలుగు నినాదాలు ఇచ్చి, తర్వాత వాళ్లే షట్టర్ కిందికి తలపెట్టి, "అన్నా, ర్యాలీ ఉంది, జర గాలి కొట్టవా?" అనేవాళ్లు. రమణమూర్తి గారే స్వయంగా పంపు అందించేవారు. "గాలికి పార్టీ ఏముందండీ" అనేవారు.

మంచి ఓనరే. బంద్ పిల్లలు వచ్చినప్పుడు నన్ను ముందుకు తోసి తాను వెనక దాక్కునే మనిషి కారు. తానే వెళ్లి నిలబడేవారు. ఆయనలో లోపం ఒకటే. నేను లేనప్పుడు పానా పట్టుకునేవారు. సైకిళ్లు అమ్మేవాడికి సైకిళ్లు బాగు చేయడం కూడా వచ్చని ఆయన నమ్మకం. హోటల్ పెట్టినవాళ్లందరికీ వంట వచ్చా? ఆ నమ్మకం మా ఇంట్లో ఒక పెళ్లి మీదికి తెచ్చింది.

మా అన్న షరతు

మా అన్న నర్సింహ రాళ్లు కొట్టే మేస్త్రీ. ఖాజాగూడ గుట్టల్లో రాయి ఏ వైపు చీలుతుందో చేత్తో తడిమి చెప్పేవాడు. మా బస్తీలో ఉద్యమం పనులన్నీ ఆయన నెత్తి మీదే. ఆయన బిడ్డ స్వప్న హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. అదే ఆఫీసులో పనిచేసే ప్రసాద్‌ను చేసుకుంటానంది. కూకట్‌పల్లిలో ఉండే కుర్రవాడు. తల్లిదండ్రులది భీమవరం. రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వస్తాడు, కాబట్టి నాకు ముందే తెలుసు.

మా అన్న ఇల్లంతా అదిరేలా అరిచాడు.

"పొద్దుగాల మైకుల జై తెలంగాణ అని, మాపటికి భీమవరం సంబంధం మాట్లాడాల్నా? బస్తోళ్లు నా మొకం మీద నవ్వరా?"

స్వప్న అరవలేదు. "నాయినా, నువ్వు అడిగేది రాష్ట్రం. నేను అడిగేది మొగుణ్ని. రెండూ ఒక్కటెట్లయితయి?" అంది. ఆ పిల్లకు వాళ్ల అమ్మ నోరు వచ్చింది.

నెలల తరబడి ఇల్లు ఇల్లులా లేదు. చివరికి అన్న ఒక షరతు పెట్టాడు. రాబోయే బంద్ రోజు ఖాజాగూడ చౌరస్తాలో వంటావార్పు ఉంది. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని నిరసన తెలపడం. "బండ్లు నడువయి. ఎట్లొస్తడో రానీ. అందరి నడుమ కూసోని మాతోటి తినాలె. అన్నం గిన్నె ఖాళీ కాకముందు రావాలె. వస్తే ముచ్చట చేద్దాం. రాకుంటే ఈ పేరు నా ఇంట్ల మళ్ల వినపడొద్దు."

స్వప్న వెంటనే, "రాకుంటే నేనే వద్దంట" అంది. అలా ఒకే మాట మీద తండ్రీ బిడ్డా ఇద్దరూ ఇరుక్కున్నారు.

ప్రసాద్ ఒప్పుకున్నాడు. సైకిల్ ఉంది కదా అనుకున్నాడు. సరిగ్గా బంద్ ముందురోజు వెనక గేరు వైరు తెగింది. షాపుకు వచ్చాడు. నేను లేను, వంటావార్పుకు పొయ్యి రాళ్లు మోస్తున్నాను. రమణమూర్తి గారు ఉన్నారు. పానా ఉంది. గేరు ఔటర్ మాత్రం లేదు, లారీలు తిరగక సరుకు రాలేదు.

"కేబుల్ కేబులే కదండీ" అని ఆయన బ్రేకు ఔటర్ కోసి వేసేశారు.

వంటావార్పు

మర్నాడు చౌరస్తాలో పెద్ద పెద్ద గిన్నెలు పొయ్యిల మీదికి ఎక్కాయి. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. డప్పులు, పాటలు. ఊళ్లో ఎవరి సైకిల్ అయినా మొరాయిస్తే చూద్దామని నా పనిసంచి తెచ్చుకున్నాను. నా సొంత సైకిల్ కోసం దాచుకున్న గేరు వైరూ, అసలైన గేరు ఔటరూ అందులోనే ఉన్నాయి. స్వప్న వంకాయలు తరుగుతూ గచ్చిబౌలి వైపు రోడ్డే చూస్తోంది. ఆ వేళ వంకాయ ముక్కలు ఒక్కటీ ఒక్కలా లేవు.

వడ్డన మొదలైంది. అతను రాలేదు. మా వదిన గంటె పట్టుకుని అన్నం గిన్నెకు కాపలా నిలబడింది. రెండోసారి అడిగినవాళ్లను, "గంత ఆకలైతే ఇంటికాడ తిని రావొద్దా?" అని తరిమింది. అది వంటావార్పు అన్న సంగతే మరిచింది. అన్న అటు చూడనట్టే ఉన్నాడు కానీ, గిన్నెలోకి ఓసారి, రోడ్డు మీదికి ఓసారి కళ్లు పోతూనే ఉన్నాయి.

అప్పుడు కనిపించాడు. సైకిల్ ఎక్కి కాదు, నెట్టుకుంటూ. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా గేరు దానంతట అదే మారిందట. గచ్చిబౌలి ఎక్కుడులో వైరు బోల్టులోంచి జారిందట. చైను చిన్న చక్రం మీదికి పోయింది. పెడలు మీద నిలబడి తొక్కి తొక్కి, ఇక కాళ్ల వల్ల కాక నెట్టాడు.

ఎవడో కుర్రాడు, "జై తెలంగాణ అను, లోపలికి రా" అన్నాడు.

"ముందు కాసిని మంచినీళ్లు ఇప్పించండి. గొంతు వస్తే ఏదన్నా అంటానండి" అన్నాడు ప్రసాద్. అందరూ నవ్వారు. అన్నే చెంబు అందించాడు. అందించి, సైకిల్ వైపు చూశాడు.

"ఏమాయె దీనికి?"

"గేరు వైరు జారిందండి, మావయ్యగారూ."

"మావయ్య గీవయ్య తర్వాత. సొంత సైకిలు సక్కగ పెట్టుకోనోడు నా బిడ్డనేం సక్కగ చూసుకుంటడు? ఇప్పుడే బాగుచెయ్. నడిపిచ్చి చూపెట్టు. అప్పుడు విస్తరి ముంగట కూసో."

"అన్నా, ఇది షరతుల లేదు" అన్నాను నేను.

"ఇప్పుడు వచ్చింది. నువ్వు చెయ్యి పెట్టకు. నోటితోటి చెప్పు, చాలు."

స్వప్న కత్తిపీట పక్కన పెట్టి లేచింది. "నాయినా, గిన్నెల అన్నం అయిపోవట్టె."

"మీ అమ్మ ఉంది గదా కావలి" అన్నాడు అన్న. ఆయనకు అన్నీ తెలుసు.

నేను ఔటర్ చూశాను. బ్రేకుది. కోసిన చోట నలిగిపోయింది. వైరు చివర చీపురులా విచ్చుకుంది, మళ్లీ దూర్చడానికి పనికిరాదు. సంచిలోంచి కొత్తవి రెండూ తీసి ఇచ్చాను. నా సొంత సైకిల్‌కు మనసులోనే క్షమాపణ చెప్పాను.

ప్రసాద్ రోడ్డు మీద కూర్చున్నాడు. చుట్టూ జనం. రోడ్డు మీద సైకిల్ బాగుచేస్తుంటే సలహా ఇవ్వని మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఒకాయన గట్టిగా లాగమన్నాడు. ఇంకొకాయన నూనె పోయమన్నాడు. మూడో ఆయన చైను తీసేసి చూడమన్నాడు. డప్పు కొట్టే సాయిలు, లాగినప్పుడల్లా ఒక దెబ్బ వేయడం మొదలుపెట్టాడు.

వైరు దూరింది, బోల్టు బిగిసింది. పెడలు తిప్పి చూస్తే చైను చిన్న చక్రాల మీదే ఉండిపోయింది, పెద్దవాటి మీదికి ఎక్కదు. జనం, "హో!" అన్నారు. వదిన గిన్నెలోకి చూసి, నా వైపు చూసి కళ్లతోనే తిట్టింది.

"మీట పూర్తిగ ఇడిసిపెట్టినవా, బిగించేముందు?" అన్నాను.

ప్రసాద్ మీట చూసుకున్నాడు. వదల్లేదు. తన నుదురు తనే కొట్టుకున్నాడు, నల్లటి మచ్చ పడింది. "మొదటి మెట్టే మరిచానండి, బాబాయిగారూ" అని నవ్వి, బోల్టు విప్పి మొదటినుంచి మొదలుపెట్టాడు. కసురుకోలేదు. పానా విసిరికొట్టలేదు. ఇన్నేళ్లలో నా చేతి కింద పానాలు విసిరినవాళ్లను ఎంతమందిని చూశానో.

రెండోసారి చైను ఎక్కింది, దిగింది. కానీ నడుమ ఒకచోట టకటకమని ఆగకుండా కొట్టుకుంటోంది. ఇంకేముంది, సలహాలవాళ్లకు పండుగే. ఒకడు స్క్రూడ్రైవర్‌తో ఆ రెండు చిన్న మరల మీదికి వంగాడు. మూడు చేతులు ఒకేసారి మూడు చోట్ల పడ్డాయి.

"అందరూ ఒక్క నిమిషం ఆగండి" అన్నాడు ప్రసాద్. గట్టిగా కాదు, మెల్లగానే. "ఒకసారికి ఒక్కటే మారుద్దాం. నచ్చకపోతే వెనక్కి తిప్పుదాం. అన్నీ ఒకేసారి తిప్పితే, ఏది తిప్పితే బాగైందో, ఏది తిప్పితే చెడిందో తెలియదండి."

వాళ్ల ఆఫీసులో పని అలాగే చేస్తారట. నిజం చెప్పాలంటే, చేత్తో తెలిసిన పనే అయినా ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత నేను పని నేర్పిన ప్రతివాడికీ ఈ మాట నా మాటగానే చెప్పాను. భీమవరం వాళ్లు కాపీరైట్ అడగరని ధైర్యం.

వైరు బిగువు సవరించడానికి వేళ్లతో తిప్పే మర ఒకటి ఉంటుంది. ప్రసాద్ దాన్ని కొంచెం తిప్పాడు. విన్నాడు. ఇంకొంచెం తిప్పాడు. చెవి చక్రానికి ఆనించినట్టు వంగి విన్నాడు. సాయిలు డప్పు ఆపేశాడు. అన్న అతని మొహం చూడడం మానేసి చేతులే చూస్తున్నాడు. రాయి మీద తొలి దెబ్బ వేసే ముందు ఆయన చూసే చూపు నాకు తెలుసు. అదే చూపు.

టకటక ఆగింది. మీట నొక్కితే చైను ఒక్కో మెట్టూ ఎక్కింది, వదిలితే ఒక్కో మెట్టూ దిగింది.

"ఇగో, నేను చూస్త" అని అన్న పంచె ఎగదోపి సైకిల్ ఎక్కాడు. పొయ్యిల చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. గేరు మార్చాడు. ఇంకో చుట్టు. ఇంకో గేరు. జన్మలో గేరు సైకిల్ ఎక్కని మనిషికి ఆ మీట దొరికింది, ఇక దిగడే! "ఓ యాదగిరి, ఇది నూకకుండనే పోతుందిరా!" అని కేకలు. వదిన స్వప్న వైపు గంటె ఎత్తి, "మీ నాయిన దిగేసరికి గిన్నె అడుగు కనపడ్తది, ఆపుండ్రి!" అని అరిచింది. చివరికి నలుగురం కలిసి హ్యాండిల్ పట్టుకుని దించాం.

"సరే. విస్తరెయ్యి" అన్నాడు అన్న.

విస్తరి వేశారు. గిన్నెలో మిగిలిన అన్నం ఊడ్చి వదిన వడ్డించింది, పప్పుచారు పోసింది. ప్రసాద్ కూర్చుని చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజు. డ్రమ్ములో నీళ్లు అయిపోయాయి. చొక్కాకు తుడుచుకున్నాడు, చొక్కా పోయింది కానీ గ్రీజు పోలేదు. రెండు వేళ్లతో ముద్ద తీయబోయి ఆగాడు. అంతమంది నడుమ, ఆకలితో, తినలేక కూర్చున్నాడు. నవ్వేవాళ్లు కూడా నవ్వడం మానేశారు.

స్వప్న ముందుకు వచ్చింది, తను తినిపిద్దామని.

"ఆగు బిడ్డా" అన్నాడు అన్న.

మళ్లీ ఏం షరతు పెడతాడో అనుకున్నాను. అన్న అతని ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు. రాళ్లు కొట్టి కొట్టి గట్టిపడ్డ చేత్తో అన్నం, పప్పుచారు కలిపాడు. కూర అద్ది పెద్ద ముద్ద చేశాడు. బస్తీ అంతా చూస్తుండగా ఆ ముద్ద ప్రసాద్ నోటి దగ్గరికి తీసుకుపోయాడు.

"నోరు తెరువు. ఇంకా పెద్దగ. మా ఇంట్ల ముద్దలు గింతింత ఉంటయి."

ప్రసాద్ తెరిచాడు. నమలలేక, మింగలేక కళ్లలో నీళ్లు తిరిగాయి. ముద్ద పెద్దదయ్యో, మరెందుకో. స్వప్న కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అన్న మాత్రం ఎవరినీ చూడలేదు. విస్తరి ఖాళీ అయ్యేదాకా ఒక్కో ముద్దా పెట్టాడు. పెట్టి, చెయ్యి విస్తరి మీదే ఉంచి, వదిన వైపు తిరిగి కసిరాడు.

"అట్ల నిలవడి చూస్తవేంది? గిన్నె అడుగన్న గీకు. అల్లునికి ఇంకా ఆకలి తీరలే."